గాలం సారు

చెరువు గట్టున గాలం పట్టుకొని కూర్చున్నవాడు పనిలేనివాడని మేము చాలాకాలం అనుకున్నాము. 2014లో జఫర్‌గఢ్ సంఘానికి పరిచర్యకు వచ్చిన కొత్తలో, వరుసగా మూడు ఆదివారములు మందిరానికి రాని ఒక పెద్దమనిషిని గురించి వాకబు చేశాము. ఆయన భార్య తల వంచుకొని, "చెరువు కాడ ఉన్నడు అయ్యగారు. వానలు పడ్డయంటే ఆయన మా మనిషి కాదు" అన్నది. ఆయన రిటైరయిన బడిపంతులు. ఊరిలో తండ్రులకూ, ఆ తండ్రుల పిల్లలకూ కూడా లెక్కలు చెప్పినవారు. అయినా ఎవరూ లెక్కల సారు అనరు, గాలం సారు అంటారు. పేరు వేయవద్దని ఆయన కోరినందున మేమూ ఇక్కడ అలాగే పిలుస్తాము.

మరునాడు తెల్లవారుజామున, మందలించుదామనే ఉద్దేశముతోనే చెరువుకు వెళ్ళాము. సారు తుంగ పక్కన ఒక రాయి మీద కూర్చొని ఉన్నారు. చేతిలో వెదురు కర్ర, నీటి మీద జొన్న బెండు. మేము గొంతు సవరించుకొనేలోపే, వెనుకకు తిరగకుండానే, "అయ్యగారూ, జర పక్కకు జరుగుండ్రి. మీ నీడ నీళ్ల మీద పడ్తున్నది" అన్నారు.

మేము జరిగాము. చెప్పదలచిన మాట గొంతులోనే ఉండిపోయింది. గంటన్నర కూర్చున్నాము. ఆయనకు రెండు పరకలు, ఒక జెల్ల పడ్డాయి. "చేప పట్టుడు అల్కగనే ఉంటది అయ్యగారూ. ఊకె కూసునుడే కష్టం" అన్నారు లేస్తూ. ఆ మాట నిజమో కాదో, మా నడుము మాత్రం సాక్ష్యమిచ్చింది.

జఫర్‌గఢ్ చూడని పాఠకుల కొరకు రెండు మాటలు. గుట్టల నడుమ ఊరు, గుట్ట మీద పాత కోట. జఫరుద్దౌలా పేరు మీదుగానే ఊరికి ఈ పేరు వచ్చిందంటారు. 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలో ఉండేది, జిల్లాలు విడగొట్టినప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ జీవనదులు లేవు. వాన కురిస్తే చెరువు నిండాలి, చెరువు నిండితే మత్తడి దుంకాలి, అప్పుడే రైతు ముఖములోనూ, చేపలవాని ముఖములోనూ కళ వస్తుంది. ఈ ప్రాంతపు వాగుల నీరు ఆకేరులో పడుతుంది. ఆకేరు మున్నేరులో, మున్నేరు కృష్ణలో కలుస్తాయి. కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రములో కలుస్తుంది. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల వలన జనగామ, స్టేషన్ ఘనపురం వైపు చెరువులెన్నింటికో గోదావరి నీరు కూడా చేరుతున్నది. "మన చెరువు మత్తడి మీద కాయితం పడవ ఇడిస్తే సముద్రం దాక పోవాలె అయ్యగారూ, నడుమల ఎవ్వరు ఆపకపోతే" అని సారు అనేవారు. ఆనకట్టల సంగతి ఆయనకు తెలియక కాదు. రిటైరయ్యే వరకు ఆయన సముద్రము చూడలేదు. గాలం వేసేవారందరికీ ఉండే కోరికే ఆయనకూ ఉండేది: మంచినీటిలో నేర్చిన విద్య ఉప్పునీటిలో పని చేస్తుందా?

చేప నోరు చూస్తే అది ఎక్కడ మేస్తుందో చెప్పవచ్చునని మాకు మొదట నేర్పినది ఆయనే. బొచ్చెకు నోరు పైకి తెరుచుకొని ఉంటుంది, నీటి పైపొరలో మేస్తుంది. రవ్వు నడిమి నీటిలో తిరుగుతుంది. మోసు నోరు క్రిందికి ఉంటుంది, అడుగున బురదలో వెదకుతుంది. గనుక ఒకే చెరువులో మూడూ కొట్లాడుకోకుండా పెరుగుతాయి. గాలం వేసేవాడు ఏ లోతున ఎర నిలపాలో ఆ నోరే చెబుతుంది. బొచ్చెకు తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. జెల్లకు, మార్పుకు ఎర్రలు. (మా వైపు వానపామును ఎర్ర అంటారు. ఎర్రే ఎర అయిందో, ఎరే ఎర్ర అయిందో భాషాపండితులు చెప్పాలి.) వాలుగ పెద్దచేప, దొంగచేప. దానికి చిన్న చేపనే ఎరగా కట్టాలి.

అయితే ఆయన మనస్సంతా కొర్రమట్ట మీదనే. పుస్తకాలలో కొర్రమీను. 2016లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకొనే ఏర్పాటు దాని తలలో ఉంటుంది. నీటి క్రింద ఎక్కువసేపు ఉండలేదు, మాటిమాటికీ పైకి వచ్చి గుక్కెడు గాలి తీసుకొని మునుగుతుంది. అందుకే అంగడిలో ప్రాణముతో దొరుకుతుంది, చెరువు ఎండితే తడినేల మీద పాకి మరొక గుంటకు పోగలుగుతుంది. గాలం వేసేవాడు ఆ గాలి పీల్చిన చోటనే గుర్తు పెట్టుకుంటాడు. తామరాకుల మధ్య నీరు ఒక్కసారి గుప్పున కదలుతుంది. ఆ తరువాత ఎంతసేపైనా కదలకుండా కూర్చోవాలి. కప్ప గాని, చిన్న చేప గాని ఎరగా వేస్తారు. కొర్రమట్ట ఎరను కొరికి ఊరుకోదు, కొట్టుతుంది. ఆ దెబ్బ మోచేతి వరకు తగులుతుందని సారు చెప్పేవారు. ఒకసారి కర్ర మా చేతికిచ్చినప్పుడు అది నిజమేనని తెలిసింది. ఆ చేప తెగిన దారముతో సహా తుంగలోకి పోయింది. మేము రెండు రోజులు ఆ సంగతే మాట్లాడామని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఇంతవరకు చదివి, ఇదేదో ముచ్చటైన అలవాటే కదా అని పాఠకులు అనుకోవచ్చును. ఆయన భార్యను అడిగితే వేరే కథ చెబుతుంది. తమ్ముని పెళ్ళినాడు లగ్నం వేళకు భర్త కనబడలేదు, వెదికితే చెరువు కాడ దొరికాడు. బిడ్డకు జ్వరము నూటమూడు ఉన్న రాత్రి ఆమె ఒక్కతే ఆటో ఎక్కింది. జీతములో రీళ్ళకు, దారాలకు పోయినదెంతో ఆమె లెక్క పెట్టలేదు గాని, పోయిన ఆదివారములు లెక్క పెట్టింది. "చేపలు తెస్తడని ఊరోళ్లు అంటరు అయ్యగారు. అవి తోమేదెవరు?" అని అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు. మోజు అన్నది పాపమా, కాదా అని మమ్ములను అడిగేవారు చాలామంది ఉన్నారు. సాయంత్రానికి ఇంటికి తెచ్చేది చేపనా, అలసటనా, కోపమునా అని ముందు ఇంట్లోవారిని అడగండని మేము వారితో అంటాము.

ఆయన గాలం మానలేదు. అయితే ఒక సంగతి జరిగిన తరువాత ఆయన గాలం మారింది. అది 1998 ఆగస్టు. అప్పటికి మేము ఇక్కడ లేము, ఆయన చెప్పగా విన్నాము, కొడుకు చెప్పగా మళ్ళీ విన్నాము. ఇద్దరూ ఒకేలాగున చెప్పారు గనుక వ్రాస్తున్నాము.

ఎనిమిదేండ్ల కొడుకును వెంటబెట్టుకొని చెరువుకు వెళ్ళారు. ఒడ్డుకు దగ్గరలో నీటి మీద ఎర్రగా, కుంకుమ చల్లినట్టు, ఒక ముద్ద కదులుతున్నది. కొర్రమట్ట పిల్లలవి. వానాకాలములో ఆకుల మధ్య గడ్డిని త్రోసి గూడు చేసుకొని గుడ్లు పెడతాయి. పిల్లలు ఎర్రగా ఉంటాయి, కొన్ని వారాలపాటు గుంపుగానే తిరుగుతాయి. గాలి పీల్చడానికి అన్నీ ఒకేసారి పైకి వస్తాయి. వాటి క్రిందనే తల్లిదండ్రులు కాపలా తిరుగుతాయి. ఆ సమయములో అవి ఆకలికి ఎరను కొట్టవు, పిల్లల దగ్గరకు వచ్చిన దేనినైనా కోపముతో కొడతాయి. గనుక ఆ ఎర్రటి ముద్ద నడుమ ఎర వేస్తే కొర్రమట్ట తప్పక పడుతుంది. చెరువు విద్యలో ఇంతకంటె సులువైనది లేదు. సారు వేశారు. రెండు కిలోలది పడింది. కాసేపటికి మళ్ళీ వేశారు, రెండవదీ పడింది.

సంచిలో వేసుకొని లేవబోతుంటే పిల్లవాడు కదలలేదు. నీటివైపే చూస్తున్నాడు. కాపలా పోయిన ఎర్రముద్ద చెదరిపోయింది. పరకలు, జెల్లలు నాలుగు వైపుల నుండి వచ్చి పడ్డాయి. ఒక నీటికోడి కూడా వచ్చింది. చూస్తుండగానే నీరు మామూలు రంగుకు వచ్చింది. "బాపూ, ఇంక వీటిని ఎవలు చూసుకుంటరు?" అన్నాడట. సారు ఏమీ అనలేదు. ఇంటికి పోయి చేపలు భార్యకిచ్చారు. ఆ పూట పిల్లవాడు కూర ముట్టలేదు. మరి చెరువుకూ రాలేదు. తండ్రితో వైరమేమీ లేదు, బాగా చదువుకున్నాడు, అన్నీ మాట్లాడేవాడు. గాలం మాట మాత్రం ఇరువురి మధ్య పాతికేండ్లు రాలేదు.

అప్పటి నుండి మృగశిర కార్తె మొదలు మత్తడి ఆగేవరకు సారు కొర్రమట్టకు గాలం వేయరు. ఊరంతా కార్తె నాడు చేప తినాలని అంగడి మీద పడుతుంది, ఆయన ఆ రోజున చెరువు గట్టున ఊరకే కూర్చుంటారు. ఎర్రటి ముద్ద కనబడితే పిల్లలను దూరంగా తోలుతారు, రాళ్ళు వేయనివ్వరు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మనుష్యులను పట్టు జాలరులను గురించి ఒక ఆదివారము ప్రసంగిస్తూ, మంచి ఎర వేసి ఓర్పుతో గాలం పట్టుకొని కూర్చోవాలని, సారు వైపు చూచి, అందముగా చెప్పాము. ఆరాధన అయ్యాక ఆయన నిదానముగా వచ్చి, "అయ్యగారూ, పేతురుది వల గదా. వలల ఎర ఉండది. ఎర ఏసి పట్టుడంటే మోసం చేసి పట్టుడు. మనుషులను గట్ల పట్టమన్నడా ప్రభువు?" అన్నారు. ఆ రాత్రి బైబిలు తిరగవేశాము. ఆయన మాటే నిజము. గలిలయలో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహానులు వలల వారే. పాత నిబంధనలో యోబు, యెషయా, ఆమోసు, హబక్కూకు గ్రంథాలలో గాలము కనబడుతుంది గాని ఎక్కువగా అది తీర్పుకో, దౌర్జన్యానికో గుర్తు. సువార్తలలో గాలము మాట ఒక్కచోటనే ఉన్నది, మత్తయి పదిహేడవ అధ్యాయము చివర. దేవాలయపు పన్ను కట్టడానికి ప్రభువు పేతురును సముద్రానికి పంపి, మొదట పైకి వచ్చిన చేప నోట నాణెము దొరుకునని చెప్పాడు. అక్కడ ఎర ప్రస్తావనే లేదు. ఈ సంగతి సారుకు చెప్పగా చాలాసేపు నవ్వి, "పన్ను కట్టెటందుకు ఒక్క చేప. రెండోది పట్టుమనలేదు సూడుండ్రి" అన్నారు.

ఆ గలిలయ సముద్రము నిజానికి సముద్రము కాదు, మంచినీటి సరస్సు. లూకా దానిని సరస్సు అనే వ్రాశాడు. సుమారు 21 కిలోమీటర్ల పొడవు, సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువన ఉన్నది. అక్కడి తిలాపియా జాతిని పేతురు చేప అని యాత్రికులకు వడ్డిస్తారు. దాని బంధువైన మరొక తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు, మన చెరువులలో జిలేబీ చేప అంటున్నది దానినే. ఇది కూడా పిల్లలను కాపాడుకొనే చేపే. తల్లి గుడ్లనూ పిల్లలనూ నోటిలోనే దాచుకుంటుంది. గాలం సరదా మీద ఆంగ్లములో పేరుపొందిన పుస్తకమును వ్రాసిన ఐజాక్ వాల్టన్ కూడా భక్తిపరుడే. 1653లో అచ్చయిన ఆ పుస్తకములో, అపొస్తలులలో నలుగురు జాలరులేనన్న సంగతిని ఆయన గర్వముగా చెప్పుకున్నాడు. వల సంగతి మాత్రం మా సారు పట్టినట్టు పట్టుకోలేదు.

మరొక సంగతి కూడా చెప్పవలసియున్నది. చెరువు ఊరందరిదీ అనిపిస్తుంది గాని, చేప అందరిదీ కాదు. మా వైపు చెరువులలో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు దాని మీద బ్రతుకుతారు. 2016 నుండి ప్రభుత్వము చేపపిల్లలను ఉచితముగా ఇచ్చి ఈ సంఘాల చెరువులలో వదిలించడం మొదలుపెట్టింది. ఆ బొచ్చె, రవ్వు, మోసు పెరిగితేనే వారి పిల్లల ఫీజులు. సరదాకు గాలం వేసేవాడు ఒక ఉదయము నాలుగు కిలోల బొచ్చెను పట్టుకుపోతే, అది ఒకరి కష్టములో నుండి పోయినట్టే. ఒక ఏడాది సంఘమువారు వచ్చి, మర్యాదగానే, సారును అడిగారు. ఆయన కొంత కోపగించుకున్నారు. లెక్కల సారు గదా, తరువాత కాగితము మీద లెక్క వేసి చూచుకొని, తానే వారి దగ్గరకు పోయారు. అప్పటి నుండి వదిలిన జాతులేవి పడినా తిరిగి నీటిలో వేస్తారు, లేదా తూకము వేసి ధర కట్టి ఇస్తారు. జెల్లలు, పరకలు ఆయనవి. ఆస్ట్రేలియాలో ఉంటున్న మా బంధువుల పిల్లలు, అక్కడ సరదాకు గాలం వేయాలన్నా చాలాచోట్ల లైసెన్సు తీసుకోవాలనీ, చిన్న చేప పడితే కొలిచి వదలాలనీ, రోజుకు ఇన్నేనని లెక్క ఉంటుందనీ చెబితే సారు ఎంతో సంతోషించారు. "గా కొలబద్ద ఒకటి పంపమనుండ్రి" అన్నారు.

ఇక సముద్రము సంగతి. కొడుకు విశాఖపట్నములో ఉద్యోగము చేస్తున్నాడు. 2023 జనవరిలో మేము సభలకు వెళ్ళినప్పుడు సారు దంపతులు కూడా వచ్చారు. సారు తన వెదురు కర్రను రైలులో బెర్తు మీద పడుకోబెట్టి, తాను కూర్చొని వచ్చారు.

ఉప్పునీరు వేరే లోకము. చెరువు చేప నీరు తాగదన్నంత తక్కువ తాగుతుంది. ఒంటిలోకి ఊరివచ్చే నీటిని బయటకు పంపడమే దాని పని. సముద్రపు చేప ఎప్పుడూ దాహముతో ఉన్నట్టు నీరు తాగుతూ, ఉప్పును మొప్పల ద్వారా విసర్జిస్తుంది. కొర్రమట్టను సముద్రములో వేసినా, వంజరమును చెరువులో వేసినా బ్రతకవు. రెండు నీళ్ళలోనూ బ్రతకగలిగినవి కొన్నే. పండుగప్ప ఒకటి. అది మగదిగా పుట్టి, కొన్ని ఏండ్లకు ఆడదవుతుంది. పులస మరొకటి. సముద్రములో విలసగా ఉండి, వరదకు గోదావరి ఎక్కి పులస అవుతుంది, వలకే గాని గాలానికి పడడం అరుదు. మన తీరపు చేపలకు పేర్లు మన జాలరులవే. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను 1803లో లండనులో అచ్చువేసినప్పుడు, ఇక్కడి జాలరులు పిలిచే తెలుగు పేర్లనే వాటి ప్రక్కన వ్రాసుకున్నాడు.

మొదటి ఉదయము భీమిలి దారిలో బండల మీద నిలబడ్డాము. చెరువు బెండు అలల మీద ఎగిరెగిరి పడింది. సీసము సరిపోక దారము ఒడ్డుకే తిరిగి వచ్చింది. రెండు గాలాలు రాళ్ళలో తెగిపోయాయి. ప్రక్కన తెప్ప సర్దుకుంటున్న ఒక జాలరి, "పోటొచ్చే ఏళ మాస్టారూ, ఆ బండ దిగిపోండి" అన్నాడు. ఆరు గంటలకు పైచిలుకు పోటు, మళ్ళీ అంతసేపు ఆటు, అమావాస్య పున్నములకు ఎక్కువ, అని లెక్కగా సారుకు తెలుసు. లెక్క తెలిసినవానికే ధీమా ఎక్కువ. "ఇంకొక్కటి" అన్నారు. ఆ ఒక్కటి వేసేలోపల అల వచ్చింది. మేము చూస్తుండగానే ఆయన కాళ్ళు లేచాయి. కొడుకు ఎప్పుడు ముందుకు దూకాడో తెలియదు. చొక్కా కాలరూ, చేయీ దొరకబుచ్చుకొని బండకు ఆనుకొన్నాడు. జాలరి మరొక చేయి పట్టాడు. ముప్పై ఏండ్ల వెదురు కర్ర మాత్రం వెళ్ళిపోయింది.

మోకాలు చీరుకుపోయింది. ఇంటికి వచ్చేవరకు ఎవరూ మాట్లాడలేదు. ఆమె పసుపు అద్దుతూ తిట్టింది. ఈసారి మేము కూడా ఆమె పక్షమే. రాత్రి భోజనాల దగ్గర కొడుకు, తల ఎత్తకుండానే, "బాపూ, రేపు నేను ఏస్త. నువ్వు కూసుండి చెప్పు" అన్నాడు.

మరునాడు బండల మీదకు పోలేదు. భీమునిపట్నము దగ్గర గోస్థని సముద్రములో కలిసే చోట, నదివైపు ఇసుకలో కుర్చీ వేసి సారును కూర్చోబెట్టాము. అంగడిలో కొన్న ఫైబరు కర్ర, ఎరగా రొయ్య. కొడుకుకు విసరడం చేతకాదు, రెండుసార్లు తన చొక్కాకే తగిలించుకున్నాడు. సారు నోటితో చెబుతున్నారు గాని చేతులు వాటంతటవే కదులుతున్నాయి. తొమ్మిది గంటలప్పుడు ఒక పార చేప పడింది, అరచేతికంటె కొంచెం పెద్దది. కొడుకు దానిని తడిచేతితో పట్టుకొని తండ్రి దగ్గరకు తెచ్చాడు.

"దీనికి పిల్లలుంటయా బాపూ?"

సారు చాలాసేపు చూచారు. "చెర్ల చేపైతే చెప్పేటోన్ని బిడ్డా. దీని సంగతి నాకెర్క లేదు" అన్నారు.

ప్రక్కన వల ఆరవేసుకుంటున్న ఒక ముసలి జాలరిని అడిగాము. ఆయనకు మా ప్రశ్న వింతగా తోచింది. పార గుడ్లు నీళ్ళలో వదిలేసి పోతుందని, పిల్లలు వాటంతటవే ఈ ఏటి మూతికి వచ్చి పెరుగుతాయని, ఇది ఇంకా పిల్లేనని చెప్పాడు. కొడుకు వంగి దానిని నీటిలో వదిలాడు. మళ్ళీ వేశాడు. పది గంటలకు ఇంకొకటి పడింది, ఇది జానెడు పైన. జాలరి తల ఊపాడు. దానిని ఇంటికి తెచ్చాము. ఆమె తోమి, వేయించి, నలుగురికీ పెట్టింది. సముద్రపు చేప గదా, ఉప్పు తగ్గించి వేసిందట. తక్కువైందని సారు, సరిపోయిందని కొడుకు. మేము రెండవ ముక్క అడిగాము.